షాట్ల లెక్కన అమ్మే వేడి

“ఫుల్ ఫేస్ హైఫూ 600 షాట్లు, గడ్డం కింద 200 షాట్లు ఉచితం.” స్కిన్ క్లినిక్కుల ప్రకటనలు చూసేవాళ్లకి ఈ భాష అలవాటే. ఆషాఢం సేల్లో చీర కొంటే జాకెట్టు ముక్క ఉచితం అన్నంత తేలిగ్గా ఉంటుంది. ధర మీద నాకు పేచీ లేదు. ఆ లెక్క మీదే ఉంది.

హైఫూ అంటే ముఖం బిగుతు కోసం ధ్వని తరంగాలతో చర్మం లోపల వేడి పుట్టించే చికిత్స. అందులో ఒక షాటు అంటే చర్మం పైపొర కింద 25 మిల్లీమీటర్ల గీత వెంట సుమారు 20 చోట్ల పెట్టిన వాతలు. ఒక్కోటీ మిల్లీమీటరు మేర ఉంటుంది. 600 షాట్లంటే దాదాపు 12,000 వాతలు. పసివాళ్లకి కామెర్లొస్తే, ఫిట్సొస్తే వాతలు పెట్టించారని పేపర్లో చదివి ముక్కున వేలేసుకుంటాం. ఆ వాతకే ‘షాటు’ అని, కాల్చడానికి ‘టైటెనింగ్’ అని పేరు పెట్టేసరికి ఎన్ని ఎక్కువైతే అంత లాభం అనిపిస్తుంది.

ఇలా వేడితో ముఖాన్ని బిగించే చికిత్సల్లో మేలైనా కీడైనా మూడింటి మీద ఆధారపడి ఉంటుంది: ఎంత లోతున, ఎంత వేడి, ఎంతసేపు. మనకి అమ్మేది మాత్రం నాలుగోది, ఎన్ని అన్నది. ముఖం ఎలా ఉందో డాక్టరు చూడకముందే రిసెప్షన్లో షాట్లు, సిట్టింగులు ఖాయమైపోతాయి. డబ్బు కట్టినన్ని షాట్లూ వేయించుకోకపోతే నష్టపోయామనుకుంటాం. వేయకపోతే మోసం చేశారంటారని వాళ్లూ భయపడతారు. చెంప పలచగా ఉన్న మనిషి దగ్గర 300కే ఆపాల్సిన చెయ్యి అలా 600 దాకా వెళ్తుంది.

గాయం లేకుండా బిగుతు రాదు

కోడి తోలు ముక్కని వేడి పెనం మీద వేస్తే ముడుచుకుపోతుంది. తోలులో ఉన్న కొలాజెన్ అనే ప్రోటీను పోగులు పేనిన తాడులా ఉంటాయి. 60, 65 డిగ్రీల దగ్గర ఆ పేటలు విడిపోయి పోగులు కురచబడతాయి. హైఫూ, కరెంటుతో వేడి పుట్టించే రేడియో ఫ్రీక్వెన్సీ (అందరూ ఆర్ఎఫ్ అనేది), అదే వేడిని సూదులతో లోపలికి పంపే ఆర్ఎఫ్ మైక్రోనీడ్లింగ్ మూడింటికీ మూలం ఇదే. అయితే వెంటనే వచ్చే ఈ ముడుచుకోవడం కొంచెమే. బల్ల మీంచి లేవగానే అద్దంలో కనిపించే బిగుతులో వాపు పాలే ఎక్కువ. ఆ కాలిన చోట్లని శరీరం గాయాలుగా గుర్తించి, మాన్పడానికి కొత్త కొలాజెన్ వేస్తుంది. మనం డబ్బు పెట్టి కొనుక్కునే అసలు ఫలితం అది. దానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది.

ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలా ప్రకటనలు వాటంతటవే రాలిపోతాయి. “గాయం ఉండదు, నొప్పి ఉండదు, రెండు వారాల్లో ఫలితం గ్యారంటీ” అన్నారంటే అందులో ఏదో ఒకటి అబద్ధం. ముహూర్తానికి పదిహేను రోజుల ముందు పెళ్లికూతుర్నీ, వాళ్ల అమ్మనీ తీసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టడం కూడా ఇందుకే అర్థం లేని పని. అప్పటికి వాపు, కమిలిన గుర్తులు ఉండవచ్చు గానీ కొలాజెన్ ఉండదు.

వేడికీ సమయానికీ ఉన్న లెక్క కూడా తెలుసుకోవాలి. 5 డిగ్రీలు తగ్గితే కొలాజెన్ అంతే ముడుచుకోవడానికి దాదాపు పది రెట్ల సమయం కావాలి. అందుకే హైఫూ క్షణంలో 60 దాటించి వదిలేస్తుంది. పైపైన తిప్పే ఆర్ఎఫ్ తక్కువ వేడిని నిమిషాల తరబడి నిలుపుతుంది. ఈ లోపు కొవ్వు కణాలు 43, 45 డిగ్రీల దగ్గరే కొన్ని నిమిషాలు ఉంటే చావడం మొదలుపెడతాయి. కొవ్వులో రక్తప్రసరణ తక్కువ కాబట్టి చేరిన వేడి తొందరగా బయటికి పోదు. లోపలి కొలాజెన్ని కాల్చాలి, దాని పైనున్న చర్మం కాలకూడదు, చుట్టూ ఉన్న కొవ్వు కరగకూడదు. ఇంత ఇరుకు సందులో చెయ్యాల్సిన పని ఇది.

హైఫూ: గుడ్డిగా కాల్చడం

గర్భిణులకి స్కానింగ్ చేసే ధ్వని తరంగాలే ఇవీ. భూతద్దంతో ఎండని ఒక చుక్క మీదికి పోగేసినట్టు వీటిని ఒకే బిందువు మీదికి పోగేస్తారు. పరికరం కొసకి తగిలించే కాట్రిడ్జ్ మీద రాసి ఉండే 1.5, 3.0, 4.5 అంకెలు ఆ బిందువు ఎన్ని మిల్లీమీటర్ల లోతున పడుతుందో చెబుతాయి. 4.5 వాడేది కొవ్వు పొర కింద ముఖ కండరాలని కప్పి ఉండే గట్టి పొరని కాల్చడానికి. ఫేస్‌లిఫ్ట్ సర్జరీలో సర్జన్ పట్టుకుని లాగేది కూడా ఆ పొరనే.

చిక్కేమిటంటే ఆ పొర అందరికీ 4.5 దగ్గరే ఉండదు. బొద్దు చెంపలో ఇంకా లోతున ఉంటుంది, అప్పుడు వాతలన్నీ కొవ్వులో పడతాయి. కణత దగ్గర, సన్నగా ఉన్నవాళ్ల దవడ మీద ఇంకా పైనే ఉంటుంది. అక్కడ 4.5 వాడితే కండరానికో, ఎముక పైపొరకో తగులుతుంది. చికిత్స మధ్యలో పన్ను నరంలోకి సూది దించినంత నొప్పి ఒక్కసారిగా పుట్టిందంటే చాలాసార్లు కారణం ఇదే. ఆ నొప్పిని “ఓర్చుకోండి, పని చేస్తోంది” అని సర్దిచెప్పడం కంటే ప్రమాదకరమైన మాట ఇంకోటి లేదు.

2009లో కనుబొమలు ఎత్తడానికి, వైద్య పరికరాలకి అనుమతిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన అల్థెరపీ మెషీన్లో ఒక సౌకర్యం ఉంది. కాల్చే ముందు ఆ చోట పొరలు తెర మీద కనిపిస్తాయి. ఎముక ఎక్కడుందో, చర్మానికి పరికరం పూర్తిగా ఆనిందో లేదో చూసి అప్పుడు వదలొచ్చు. మార్కెట్లో చవగ్గా దొరికే హైఫూ మెషీన్లలో చాలా వాటికి ఆ తెర లేదు. ఉన్న తెర మీద కనిపించేది షాట్ల సంఖ్య. అలాంటి మెషీనుతో పని చేసే మనిషికి ముఖ శరీర నిర్మాణం కంఠతా రావాలి. రెండు రోజుల ట్రైనింగ్‌తో వచ్చే విద్య కాదది.

తప్పులు ఎక్కడెక్కడ జరుగుతాయో చూద్దాం. మొదటిది జెల్. ధ్వని గాలిలోంచి సరిగా దాటదు. జెల్ పలచగా రాసినా, బుడగ మిగిలినా, పరికరం ఒక అంచున పైకి లేచినా శక్తి లోపలికి పోకుండా పైనే ఆగిపోయి చర్మం మీద గీతలు గీతలుగా తట్లు తేలతాయి. గంటల్లో తగ్గేవి కొన్ని. బొబ్బలెక్కి, నెల తర్వాత నల్ల చారలుగా మిగిలేవి కొన్ని. దవడ అంచుల వంపు దగ్గర ఇది ఎక్కువ. చదునైన పరికరం గుండ్రటి ఎముక మీద పూర్తిగా ఆనదు మరి.

రెండోది నరాలు. కింది పెదవిని కిందికి లాగే నరం దవడ అంచు వెంబడి వెళ్తుంది. కనుబొమని ఎత్తే నరం చెవి రంధ్రం ముందు ఉండే చిన్న మృదులాస్థికి అర సెంటీమీటరు కింద మొదలై, కనుబొమ బయటి కొసకి సెంటీమీటరున్నర పైకి చేరే గీత మీదుగా పోతుంది. చెంప ఎముకని దాటే చోట అది బాగా పైపైనే ఉంటుంది. ఈ దారుల్లో లోతైన కాట్రిడ్జ్‌తో అదే చోట మళ్లీ మళ్లీ వేస్తే నవ్వు ఒక పక్కకి పోవచ్చు, కనుబొమ వాలిపోవచ్చు. చాలామందికి వారాల్లోనో కొన్ని నెలల్లోనో తిరిగి వస్తుంది. ఆ నెలలు అద్దంలో చూసుకోవడం మాత్రం కష్టమే.

మూడోది కన్ను. కంటి గుంట ఎముక అంచు లోపల హైఫూ తగలకూడదు. పై రెప్పని బిగించబోతే కటకం మసకబారి శుక్లం వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. గొంతు మధ్యలో థైరాయిడ్ మీద కూడా వేయరు.

జపాన్ అనుభవం మనం చూడదగ్గది. అక్కడ హైఫూ బ్యూటీ సెలూన్లలోకి, చివరికి ఎవరికి వాళ్లు చేసుకునే గదుల్లోకి పాకింది. వినియోగదారుల భద్రతా దర్యాప్తు సంఘం 2023 మార్చిలో ఇచ్చిన నివేదికలో 135 ప్రమాదాలని లెక్కగట్టింది. కాలిన గాయాలు, నరాల దెబ్బలు, కంటి సమస్యలు అందులో ఉన్నాయి. 2024 జూన్‌లో ఆ దేశ ఆరోగ్యశాఖ, డాక్టరు కానివాళ్లు హైఫూ చేయడం వైద్యవృత్తి చట్టాన్ని ఉల్లంఘించడమేనని తేల్చి చెప్పింది. సర్జరీ కాదు కదా ఎవరైనా చేయొచ్చు అన్న వాదన అక్కడ ఒక రౌండు పూర్తయింది. మనం ఇంకా మొదట్లో ఉన్నాం.

ఆర్ఎఫ్: నొప్పి ఒక కొలత

చర్మం పైనుంచి కరెంటు పంపే మోనోపోలార్ ఆర్ఎఫ్‌లో పేరున్నది థర్మేజ్. 2002లో అమెరికాలో కంటి చుట్టూ ముడతలకి దానికి అనుమతి వచ్చింది. తొలి ఏళ్లలో ఎక్కువ శక్తితో ఒకే సారి తిప్పేవారు. కొందరికి చెంపల్లో కొవ్వు కరిగి గుంటలు పడ్డాయి. ఆ తర్వాత పద్ధతి మార్చారు: తక్కువ శక్తి, ఎక్కువ సార్లు, రోగి చెప్పే నొప్పిని బట్టి హెచ్చుతగ్గులు. 0 నుంచి 4 దాకా స్కేలు పెట్టి, 2, 2.5 దగ్గర ఉంచడం రివాజయింది. అంటే రోగి నోట్లోంచి వచ్చే ‘అబ్బా’ ఇక్కడ థర్మామీటర్ లాంటిది. మత్తెక్కించి, చర్మం మొద్దుబార్చి చేస్తామంటే థర్మామీటర్ తీసి అవతల పారేసినట్టే.

కరెంటు లోపలికి వెళ్లి బయటికి రావాలి. అందుకు వీపుకో తొడకో ఒక ప్యాడ్ అంటిస్తారు. అది సగం ఊడినా, చెమటకి జారినా ముఖానికి పోను అక్కడ కాలుతుంది. ఒంటి మీద లోహం ఉంటే కరెంటు అక్కడ పోగవుతుంది. ఇక్కడ మన ఇళ్ల సంగతి ఒకటి ఉంది. ముక్కుపుడక ఏళ్ల తరబడి తీయనివాళ్లు, పుస్తెలు మెడలోంచి తీయడానికి ఇష్టపడనివాళ్లు చాలామంది. “దూది పెట్టి కప్పేస్తాం, ఏం కాదు” అని క్లినిక్కు వాళ్లు అంటే నమ్మొద్దు. పుడక చుట్టూ రెండు సెంటీమీటర్లు వదిలేయమనండి, లేదా తీయించుకుని వెళ్లండి. పుస్తెలు కాసేపు పసుపుతాడుకి మార్చుకుంటే గొలుసు బెడద తీరుతుంది గానీ పుస్తెలు కూడా బంగారమే, మెడకి చేసేటప్పుడు అవి తాకకుండా చూడాలి. గుండెకి పేస్‌మేకర్, లోపల డీఫిబ్రిలేటర్ ఉన్నవాళ్లకి ఆర్ఎఫ్ వద్దు. పళ్లకి వేసిన మెటల్ క్యాపులు, దవడలో ప్లేట్లు ఉంటే ముందే చెప్పాలి.

చర్మానికి ఆనించే థర్మేజ్ టిప్పులు ఒక మనిషికే. లోపలి చిప్పు లెక్కపెట్టి, ఆ షాట్లు అయిపోగానే ఆపేస్తుంది. ఆ చిప్పుని ఏమార్చి మళ్లీ వాడటం ఆసియా దేశాల్లో పాత కథే. చల్లబరిచే పొర దెబ్బతిన్న టిప్పుతో కాలే అవకాశం పెరుగుతుంది. మీ ముందే ప్యాకెట్ విప్పమని అడగడం మర్యాద తక్కువ పనేం కాదు.

సూదులతో ఆర్ఎఫ్

ఇప్పుడు మోజంతా దీని మీదే. పదుల కొద్దీ సన్నటి సూదులు చర్మంలోకి దిగి, కొసల్లోంచి వేడి వదిలి బయటికొస్తాయి. లోతు అర మిల్లీమీటరు నుంచి ముఖానికి 3, 4 దాకా పెట్టుకోవచ్చు, ఒంటికి ఇంకా ఎక్కువ. మొటిమల గుంటలకి నిజంగా పనికొచ్చే పరికరం ఇది. బిగుతు కోసమని లోతు పెంచి, ఒకే చోట రెండు మూడు లోతుల్లో వరసగా కాల్చినప్పుడు కథ మారుతుంది. 2025 అక్టోబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఆర్ఎఫ్ మైక్రోనీడ్లింగ్ మీద హెచ్చరిక జారీ చేసింది. కాలిన గాయాలు, మచ్చలు, కొవ్వు పోవడం, ముఖం వికృతం కావడం, నరాల దెబ్బలు, వాటిని సరిదిద్దడానికి సర్జరీ అవసరం కావడం గురించి ఫిర్యాదులొచ్చాయని చెప్పింది. ఇది బ్యూటీ సర్వీసు కాదు, వైద్య చికిత్స అని, ఇంట్లో చేసుకోకూడదని కూడా స్పష్టం చేసింది.

మన రంగు చర్మానికి ఇక్కడ సూది రకం ముఖ్యం. సూది కాండానికి పూత ఉండి, కొస మాత్రమే వేడెక్కేది ఇన్సులేటెడ్. పూత లేనిదైతే సూది పొడవునా, పైపొర దాకా వేడి తగులుతుంది. చామనఛాయ ముఖానికి మొదటిదే నయం. మొదటి వారం గడిచాక చర్మం మీద గడి నోటుబుక్కు గళ్లలా అచ్చు కనిపిస్తుంటే శక్తి ఎక్కువైందనో, సూదులు పూర్తిగా దిగకముందే వేడి వదిలారనో అర్థం.

సూది టిప్పు ఇంకొకరికి వాడితే ఏమవుతుందో చెప్పడానికి అమెరికాలోనే ఉదాహరణ ఉంది. న్యూ మెక్సికో రాష్ట్రం అల్బుకర్కీలో లైసెన్సు లేని ఒక స్పాలో, సొంత రక్తంతో చేసే సూదుల ఫేషియల్ చేయించుకున్న ఆడవాళ్లకి హెచ్‌ఐవీ సోకింది. స్పా 2018లో మూతపడింది, దర్యాప్తు వివరాలు 2024లో బయటికొచ్చాయి. సూది దిగే ఏ పనికైనా ఇదే వర్తిస్తుంది. టిప్పు సీలు తీయడం కళ్లతో చూడండి, అయిపోయాక మీ ముందే చెత్తడబ్బాలో వేయించండి.

మత్తు క్రీము గురించి ఎవరూ భయపడరు. భయపడాలి. 5 శాతం లిగ్నోకెయిన్ క్రీములో గ్రాముకి 50 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, 23 శాతం దాంట్లో 230. ముఖం, మెడ, ఛాతీ మొత్తం మందంగా పూసి, ప్లాస్టిక్ కాగితం చుట్టి గంటసేపు వదిలేస్తే రక్తంలోకి చేరేది తక్కువేం కాదు. అమెరికాలో లేజర్‌తో వెంట్రుకలు తీయించుకోబోతూ కాళ్లకి ఇలా మత్తు క్రీము పూసి చుట్టుకున్న ఇద్దరు యువతులు, 22, 25 ఏళ్ల వాళ్లు, ఫిట్స్ వచ్చి కోమాలోకి వెళ్లి చనిపోయారు. “ఇంటి దగ్గరే పూసుకుని రండి, టైము కలిసొస్తుంది” అంటే ఒప్పుకోవద్దు. క్లినిక్కులో, కొలిచి పూయాలి. సూదులు దించేముందు పూర్తిగా తుడిచేయాలి, సూది కంతల్లోంచి మందు ఇంకా వేగంగా లోపలికి పోతుంది కాబట్టి. నాలుక తిమ్మిరెక్కడం, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో హోరు, మత్తుగా తూలడం మొదలైతే అది క్రీము రక్తంలోకి ఎక్కిన గుర్తు. వెంటనే చెప్పాలి. ఆ గదిలో ఆక్సిజన్, ఫిట్స్‌కి మందు ఉన్నాయో లేవో ముందే అడగాలి.

నల్ల మచ్చ సంగతి

ఆర్ఎఫ్‌కీ హైఫూకీ రంగుతో పని లేదు, అన్ని చర్మాలకీ సురక్షితం అంటారు. సగమే నిజం. లేజర్ లాగా ఇవి చర్మంలోని నల్లరంగుని వెతుక్కుని కాల్చవు, అంతవరకు సరే. కానీ ఏ కారణంతో కాలినా మన చర్మం రంగు పోగేసి మానుతుంది. తెల్లవాళ్లకి వారంలో పోయే ఎర్రదనం మనకి ఆరు నెలల నల్ల మచ్చ. మంగు ఉన్న చెంపకి వేడి తగిలితే అది ఇంకా ముదరొచ్చు. అందుకే చెవి ముందు ఒక చిన్న చోట టెస్టు చేసి, నాలుగు వారాలు ఆగి చూడటం మన దగ్గర తప్పనిసరి అంటాను. రంగు మారేది ఆ వారాల్లోనే, మర్నాడు కాదు. అదే రోజు ప్యాకేజీ మొదలుపెట్టే క్లినిక్కుకి ఈ ఆగడం నచ్చదు.

తెల్లబడటానికని మెడికల్ షాపులో కొనే ట్యూబుల సంగతి ఇంకోటి. వాటిలో చాలా వాటిలో స్టీరాయిడ్ ఉంటుంది. 2018లో కేంద్రం ఈ పూత మందులని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చినా కౌంటర్ మీద దొరుకుతూనే ఉన్నాయి. నెలల తరబడి రాసిన ముఖం పలచబడి, ఎర్రటి నరాలు తేలి ఉంటుంది. దాని మీద మామూలు మోతాదు వేడి కూడా ఎక్కువే. “ఏ క్రీములు వాడుతున్నారు” అని అడిగితే సిగ్గుపడి దాచకండి, ట్యూబు ఫోటో చూపించండి. అడగనే అడగకపోతే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

ఎవరికి అసలు వద్దు

గర్భిణులు, ముఖం మీద ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లు, షుగరు అదుపులో లేనివాళ్లు, దెబ్బ తగిలితే గడ్డలా లేచే కెలాయిడ్ తత్వం ఉన్నవాళ్లు. తరచూ పెదవుల మీద నీటిపొక్కులు లేచేవాళ్లు ముందుగా వైరస్ మందు వాడాలి. మొటిమలకి ఐసోట్రెటినోయిన్ మాత్రలు, రక్తం పలచబడే మందులు వాడుతుంటే చెప్పాలి. ముఖం నిండుగా కనిపించడానికి ఎక్కించే ఫిల్లర్లు వేయించుకుంటే ఎక్కడ, ఎప్పుడన్నది కూడా.

వీటికన్నా ఇప్పుడు నన్ను కలవరపెట్టేది ఇంకో గుంపు. 2025లో బరువు తగ్గించే ఇంజెక్షన్లు మౌంజారో, వెగోవీ మన దేశంలోకి వచ్చాయి. పదిహేను, ఇరవై కిలోలు తగ్గినవాళ్ల ముఖం జారుతుంది. ఎందుకు జారింది? కొవ్వు పోయి, చర్మం మిగిలింది కాబట్టి. అలాంటి ముఖానికి 4.5 కాట్రిడ్జ్‌తో 600 షాట్లు కొడితే మిగిలిన కాస్త కొవ్వూ పోతుంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇంత సరిగ్గా అతికే చోటు తక్కువ. సన్నటి ముఖానికి హైఫూ వద్దనే మాట క్లినిక్కు నోట వస్తే అక్కడ నిజంగా డాక్టరున్నట్టు లెక్క.

మెడ కింద చర్మం గుప్పిట్లో పట్టుకునేంత వేలాడుతుంటే కూడా ఇవి పనికిరావు. కొంచెం నుంచి ఓ మాదిరి జారుడుకే వీటి శక్తి. ముందు, తర్వాత ఫోటోల్లో గడ్డం కాస్త పైకెత్తి, లైటు ఎదురుగా పెడితే ఏ యంత్రమూ లేకుండా పదేళ్లు తగ్గించొచ్చు. రెండు ఫోటోల్లో చెవి తమ్మె, కనుబొమ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడండి.

సర్జరీతో పోలిస్తే ఇవే నయం కదా అంటారు. సరైన చేతిలో అవును, ఎక్కువమందికి రెండు మూడు రోజుల ఎర్రదనం, వాపు, కొన్ని వారాల తిమ్మిరి తప్ప ఏమీ ఉండదు. కానీ సర్జరీ చుట్టూ ఒక కట్టుదిట్టం ఉంది: పరీక్షలు, మత్తు డాక్టరు, సంతకాలు, ఎవరు కోశారో రాసిన కాగితం. ఇక్కడ ఏ కాట్రిడ్జ్, ఎంత శక్తి, ఎన్ని గీతలు, ఎవరు వేశారు అన్నది చాలాచోట్ల ఎక్కడా రాయరు. ప్రమాదం చిన్నదే కావొచ్చు, లెక్క మాత్రం ఎవరి దగ్గరా ఉండదు.

కాబట్టి డబ్బు కట్టేముందు అడగాల్సింది షాట్ల సంఖ్య కాదు. మెషీను పేరు, మోడల్, దిగుమతిదైతే ఎండీ-15 లైసెన్సు, అంటే వైద్య పరికరం దిగుమతికి ఇచ్చే అనుమతి. పరికరం పట్టుకునేది ఎవరు: బోర్డు మీద పేరున్న డాక్టరా, పక్క గదిలో టెక్నీషియనా? “డాక్టరు గారి పర్యవేక్షణలో” అంటే ఆ డాక్టరు ఆ సమయంలో ఊళ్లో ఉన్నారా? చర్మవ్యాధుల్లో ఎండీ, డీడీవీఎల్, లేదా ప్లాస్టిక్ సర్జరీ ఎంసీహెచ్ అయితే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్లో రిజిస్ట్రేషన్ నంబరు దొరుకుతుంది. ‘కాస్మటాలజిస్ట్’, ‘ఎస్థటిక్ ఫిజీషియన్’ అన్నవి పీజీ డిగ్రీలు కావు. నా ముఖంలో ఎక్కడ వేయరు అని కూడా అడగండి. ఆ ప్రశ్నకి వేలితో గీసి చూపించగలిగిన మనిషికి పని తెలుసు. “మొత్తం వేస్తామండీ” అన్న మనిషికి తెలియదు. ఆఖరున, వాడిన లోతులు, శక్తి, గీతల సంఖ్య, కాట్రిడ్జ్ సీరియల్ నంబరు కాగితం మీద రాసివ్వమనండి.

తేడా కొడితే

కాలినట్టు మంట, బొబ్బ కనిపిస్తే 20 నిమిషాలు కుళాయి నీళ్ల ధార. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు, పసుపు అసలే వద్దు. బొబ్బ చిదపొద్దు. అదే రోజు చర్మ డాక్టరుకి చూపించండి, తొలి రోజుల్లో వాపుని అణిచే మందు వేస్తే మచ్చ తగ్గే అవకాశం ఉంటుంది. మానాక మూడు నెలలు సన్‌స్క్రీన్, అదీ ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేత గోధుమరంగుది. మామూలు వెలుతురు కూడా మచ్చని ముదరబెడుతుంది కాబట్టి.

కంటి పక్కన చేయించుకున్నాక చూపు మసకేసినా, కన్ను నొప్పెట్టినా తెల్లవారేదాకా ఆగకుండా కంటి ఆసుపత్రికి వెళ్లాలి. మూతి ఒక పక్కకి పోతే చెయ్యి, కాలు, మాట కూడా చూడండి. వాటిలో ఏదైనా పట్టు తప్పితే అది హైఫూ ఖాతాలో వేయకుండా 108కి ఫోన్ చేయాలి, పక్షవాతం కావొచ్చు. పెదవి కొస ఒక్కటే అయితే నరాల డాక్టరు. చెంప లోపలికి పోతోందన్న అనుమానం రెండు మూడు నెలలకి గానీ తేలదు. అప్పుడు “ఇంకో సిట్టింగ్ వేస్తే సరిపోతుంది” అనే మాట వినొద్దు. కొవ్వు పోయిన చోట ఇంకో వేడి పరిష్కారం కాదు.

పరికరం వల్ల జరిగిన హానిని ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి తెలియజేయొచ్చు, టోల్ ఫ్రీ 1800-180-3024. క్లినిక్కుకి అనుమతి ఉందా అన్నది జిల్లా వైద్యాధికారి ఆఫీసులో, అంటే డీఎంహెచ్‌వో దగ్గర, తేలుతుంది. నష్టపరిహారానికి జిల్లా వినియోగదారుల కమిషన్లో రెండేళ్ల లోపు కేసు వేయాలి. ఆ రెండేళ్లూ నిలిచేది కాగితాలు, ఫోటోలే. ఫోటోలు మొదటి రోజు నుంచే, ముఖం మీద ఏ క్రీమూ లేకుండా, అదే కిటికీ దగ్గర, అదే వేళకి, ఎదురుగా ఒకటి, రెండు పక్కలా ఒక్కోటి, నవ్వుతూ ఒకటి తీసి పెట్టుకోండి. నరం దెబ్బ మామూలు ఫోటోలో కనిపించదు, నవ్వితేనే బయటపడుతుంది.